నాయనమ్మ పెట్టిన షరతు

ఆదిత్యపూర్‌లో మా బిల్డింగ్ రెండో అంతస్తు బాల్కనీలో పొద్దున్న ఎనిమిదింటికల్లా తెల్ల గుడ్డలు వరుసగా ఆరుతూ ఉంటాయి. ఒక్కో గుడ్డకు రెండేసి క్లిప్పులు, గాలి వచ్చే వైపు పెద్దవి, గోడ వైపు చిన్నవి. ఎదురింటి ఆవిడ ఒకసారి, ఇంట్లో హోటల్ పనేదైనా పెట్టుకున్నారా అని హిందీలో అడిగింది. మా పాప లంగోటీలని చెప్పాను. ఈ రోజుల్లో ఇంకా గుడ్డలేమిటన్నట్టు ముఖం పెట్టింది. అలాంటి ముఖాలు చూస్తే నాకు ఒకప్పుడు ఒళ్ళు మండేది. ఇప్పుడు గర్వంగా ఉంటుంది. దాచుకోవడం ఎందుకు, ఆ గుడ్డలంటే నాకు బోలెడు గర్వం. అందులో నా వాటా మాత్రం నేను మొదట అనుకున్నంత లేదు. అది చెప్పడానికే ఇదంతా.

నేనొక చిన్న కార్ఖానాలో క్వాలిటీ సెక్షన్‌లో పనిచేస్తాను. ట్రక్కుల్లోకి వెళ్ళే పిన్నులూ బుష్‌లూ గేజ్ పెట్టి చూసి, కొలతకు సరిపోనివాటిని ఎర్ర ట్రేలో పడెయ్యడం నా పని. రోజంతా తప్పులు పట్టి జీతం తీసుకునేదానికి ఇంటికొచ్చాక నోరు ఊరుకోదు కదా. మా అత్తగారు ముప్పై ఏళ్ళు ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయాగా చేసింది. మామగారు పోయాక ఆ జీతం మీదే కొడుకుని ఐటీఐ చదివించి, పర్సుడీహ్‌లో రేకుల ఇంటి నుంచి ఈ రెండు గదుల ఫ్లాటు దాకా సంసారాన్ని లాక్కొచ్చింది. తప్పులు పట్టడంలో ఆవిడ నాకంటే సీనియర్. ఒక ఒరలో రెండు కత్తులు ఎలా ఉంటాయో మా ఇంట్లో మేమిద్దరం అలా ఉండేవాళ్ళం. మా ఆయన లేత్ మెషీన్ మీద పనిచేస్తాడు. ఆవిడ తెలుగులో ఏం అడిగినా హిందీలో రెండు ముక్కలు జవాబిచ్చి చెప్పుల్లో కాళ్ళు పెట్టేవాడు.

పాప పుట్టిన రోజే నాకు అత్తగారి మీద ఒక కోపం పుట్టింది. మా వాళ్ళలో పుట్టిన బిడ్డకు కొత్త బట్ట వెయ్యరు. పురిటి స్నానం అయ్యేదాకా పాతవే. అందులోనూ మొదట చుట్టేది ఇంట్లో పెద్దావిడ కట్టి కట్టి మెత్తబడిన చీర అయి ఉండాలి. ఆవిడ ఆయుష్షు బిడ్డకు వస్తుందంటారు. శ్రీకాకుళం వైపు నుంచి మా తాతలు కార్ఖానా పనులకు ఈ హిందీ ఊరొచ్చి ఎన్నో వదిలేసుకున్నారు గానీ ఈ పద్ధతి వదల్లేదు. మా అత్తగారి ట్రంకు పెట్టెలో తెల్ల నూలు చీరలు దొంతరగా ఉన్నాయని నాకు తెలుసు. సన్నటి ఆకుపచ్చ అంచు, ఉతికి ఉతికి వెన్నలా అయిన చీరలు. వాటిలో ఒకటి తెస్తుందనుకున్నాను. ఆవిడ వట్టి చేతులతో ఆసుపత్రికొచ్చి, మీ అమ్మ చీర తెప్పించుకో అంది. ఆడపిల్ల పుట్టిందని ముఖం చిన్నబోయిందని నేను తీర్మానించేశాను. మనవరాలిని ఎత్తుకున్న దగ్గర్నుంచి దించకుండా కూర్చున్న మనిషిని కళ్ళారా చూస్తూ కూడా, ఆవిడని మనసులో ఎర్ర ట్రేలో వేసేశాను.

మొదటి మూడు నెలలూ డైపర్లే వాడాం. అత్తగారికి అవంటే మహా ఇష్టం. వాటిని పాకిట్లు అనేది. చూడ్డానికి ఎవరొచ్చినా, పాకిట్ల కట్ట కనబడేలా మంచం తల దగ్గర నిలబెట్టేది. అందులో ఆవిడకేం సంతోషమో నాకు అప్పట్లో అర్థమయ్యేది కాదు.

మే నెల వచ్చింది. ఈ ఊరి ఎండ సంగతి ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం గోడ మీద చెయ్యి పెడితే కాలుతుంది. పాపకు తొడల సందుల్లో ముందు ఎర్రగా అయింది, తర్వాత పొక్కులు లేచాయి, అవి చితికి రసి కారింది. డాక్టరు పూతమందు రాసిచ్చి, వీలైనంత గాలి తగలనివ్వమన్నాడు. మందు రాస్తే రెండు రోజులు తగ్గేది, డైపరు వెయ్యగానే మళ్ళీ మొదలు. ఉచ్చ పోసినప్పుడల్లా మంటకి పిల్ల కాళ్ళు ముడుచుకుని ఏడ్చేది. ఆ ఏడుపు విని ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ఆ వారంలోనే చెత్త బండి రెండు రోజులు రాలేదు. కుక్కలు మా చెత్త సంచిని లాక్కుపోయి వీధి మలుపు దాకా డైపర్లు పరిచాయి. బిల్డింగ్ మొత్తానికి చంటిపిల్ల ఉన్న ఇల్లు మాదొక్కటే, ఎవరివని అడిగే పని కూడా లేదు. చీపురూ చేటా పట్టుకుని నేనే ఎత్తాను. ఎత్తుతున్నంతసేపూ అందరూ కిటికీల్లోంచి చూశారు. ఇక గుడ్డలే అని ఆ మలుపులోనే అనుకున్నాను.

అన్నాల దగ్గర ఆ మాట చెప్పాను. అత్తగారు కంచం పక్కకు నెట్టి రెండు చేతులూ నా ముందు చాపింది. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి నల్లబడి, గోళ్ళు వంకరపోయి ఉన్నాయి. రోజూ చూసే చేతులే.

"ముప్పై ఏళ్ళు ఊరందరి పిల్లల గుడ్డలూ సన్నీళ్ళలో ఉతికినాను. సలికాలంలో సేతేళ్ళు మొద్దుబారిపోయీవి. నా ఇంట్లో ఆ బకెట్టు మళ్ళీ పెట్టకూడదనుకున్నాను. నాను సెయ్యి పెట్టను, నిన్నూ పెట్టనివ్వను."

నా గొంతు కూడా లేచింది. పిల్ల పుండ్లు కనబడవా అని అడిగాను. ఆవిడ లేచి వెళ్ళిపోయింది. మా ఆయన నీళ్ళు తాగుతున్నట్టు గ్లాసు వెనకాల దాక్కున్నాడు.

పట్టుదలకు పోవడానికి నాకు వీల్లేని చిక్కు ఒకటుంది. ఆగస్టులో నా ఆరు నెలల సెలవు అయిపోతుంది. డ్యూటీలో చేరితే పాప రోజంతా ఆవిడ చేతుల్లోనే ఉండాలి. ఆవిడ గుడ్డలకు ఒప్పుకోకపోతే నాకు రెండే దారులు. పుండు మీద డైపరు వేయించడం, లేదంటే ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చోవడం. ఆ ఉద్యోగం నాకు ఎవరూ ఇప్పించలేదు. అప్రెంటిస్‌గా చేరి, మగవాళ్ళ మధ్య నిలబడి సంపాదించుకున్నాను. రెండు రోజులు ఇద్దరం మాట్లాడుకోలేదు. పాప ఏడుపొక్కటే ఇంట్లో వినబడింది.

మూడో రోజు ఆవిడే వచ్చి షరతు పెట్టింది.

"గుడ్డలే ఏద్దాం. ఉతికేది మాత్రం నీ మొగుడు. ఆడు ఒక్క దినం మానేసినా, ఆడి బదులు నువ్వు సెయ్యి పెట్టినా, ఆ దినం నుంచి పాకిట్లే."

మా ఆయన "మై?" అన్నాడు. నేనా అని, హిందీలో. నేను కూడా ఇది గొంతెమ్మ కోరిక అనుకున్నాను. కాదనడానికి ఇదొక తెలివైన పద్ధతనీ, నాలుగు రోజుల్లో కొడుకు చేతులెత్తేస్తాడని లెక్క వేసిందనీ అనుకున్నాను. అయినా ఒప్పుకున్నాను. ఆయన తరఫున కూడా నేనే ఒప్పుకున్నాను.

ఇక ఏ రకం గుడ్డలు కొనాలన్నది నా డిపార్ట్‌మెంట్. ఫోన్లో చూస్తే వందల రకాలు. జేబులాంటి సంచిలో మెత్త దూర్చేవి, చడ్డీలా కుట్టేసినవి, చిలకల, ఏనుగుల బొమ్మలవి. మూడు రకాలు ఒక్కొక్కటే తెప్పించి బాల్కనీలో పరీక్ష పెట్టాను. స్టీలు గ్లాసుతో నీళ్ళు పోసి ఎంత పీల్చిందో, ఎంతసేపటికి కిందికి దిగిందో, తాడు మీద వేస్తే ఎప్పటికి ఆరిందో ఆఫీసు రిపోర్టు కాగితం వెనకాల గళ్ళు గీసి రాశాను. మందపు మెత్తలు నీళ్ళు బాగా తాగాయి గానీ మే ఎండలో కూడా సాయంత్రానికి లోపల తడిగానే ఉన్నాయి. వానాకాలంలో వాటి గతేమిటి? పల్చటి నూలు గుడ్డ అలా వేస్తే ఇలా ఆరిపోయింది. చివరికి అదే తేల్చాను. పల్చటి చదరపు గుడ్డలు, మడిస్తే నాలుగైదు పొరలు వస్తాయి. వాటి మీద తడి బయటికి రాకుండా, ప్రెస్ బటన్లున్న పై తొడుగు.

మడవడం దగ్గర నా తెలివి అయిపోయింది. వీడియో చూసి మడిస్తే ఒకవైపు వదులు, ఒకవైపు బిగువు. అత్తగారు కాసేపు చూడనట్టు చూసింది. తర్వాత, అలా అయితే తొడలు ఒరుసుకుంటాయని గొణుక్కుంటూ గుడ్డ లాక్కుని ఒక్క చిటికెలో మడిచి కట్టేసింది. పొడి గుడ్డ షరతులోకి రాదట.

మా ఆయన మొదటి రోజు ముక్కుకి రుమాలు కట్టుకుని, బాత్రూం తలుపు గడియ పెట్టుకుని ఉతికాడు. ఉతికినవి ఎవరికీ కనబడకుండా పడగ్గదిలో ఫ్యాను కింద ఆరేశాడు. నేను మొక్కై వంగనిది మానై వంగునా అని సాగదీస్తే గుర్రుగా చూశాడు. రెండో రోజు అత్తగారు బాత్రూం తలుపు దబదబా కొట్టింది.

"తలుపు తీసి ఉతుకు. దొంగతనం సేత్తన్నావేటి? నీ పిల్ల గుడ్డలే గదా."

ఆయన తలుపు తీశాడు. ఆ తర్వాత మూయలేదు. ఐదు రోజులకి గుడ్డలు బాల్కనీలోకి వచ్చాయి. తనతో పనిచేసే ఇద్దరు బండి మీద వచ్చి కింద నుంచి చూసి నవ్వారు. ఆయన కూడా నవ్వి, ఇంకో గుడ్డ దులిపి తాడు మీద వేశాడు. నేను వంటింటి కిటికీలోంచి చూశాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకు ఆయన అంత మగాడిలా ఎప్పుడూ కనబడలేదు. ఆ మాట ఆయనకు ఇంతవరకు చెప్పలేదు.

పదిహేను రోజుల్లో పాప పుండ్లు మానిపోయాయి. నెలకల్లా తొడలు నున్నగా అయ్యాయి. నేను గెలిచాననుకుని నలుగురికీ ఉపన్యాసాలు ఇవ్వడం మొదలుపెట్టాను.

జూలైలో నా ఉపన్యాసాలకు బ్రేకు పడింది. గుడ్డలు కారిపోవడం మొదలైంది. కట్టిన పది నిమిషాలకే పక్క తడి, చీర తడి, ఎత్తుకున్నవాళ్ళ చొక్కా తడి. పొరలు పెంచినా అంతే, తొడుగు మార్చినా అంతే. బట్ట నాసిరకమని అమ్మినవాళ్ళకు ఇంత పొడుగు ఫిర్యాదు రాసి పెట్టుకున్నాను. ఇంకా పది రోజుల్లో డ్యూటీ. అత్తగారు ఈసారి గొంతు పెంచలేదు. గుడ్డలు వదిలెయ్యమని నెమ్మదిగా చెప్పింది.

"ఇంక ఒగ్గీమ్మా. నువ్వెల్లిపోయాక దినానికి పదిసార్లు పక్కలు మార్సడం నా ఒల్ల అవదు. నాకూ వొయిసు అయిపోనాది."

ఆవిడ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే నాకు ఏడుపు తెప్పించింది. సరేనన్నాను. మర్నాడు డైపర్లు తెప్పిద్దామనుకున్నాను.

మర్నాడు పొద్దున్న బాత్రూంలోంచి మా ఆయన పిలిచాడు. ఉతికి పిండిన గుడ్డని రెండు చేతులతో పరిచి పట్టుకున్నాడు. నన్ను దాని మీద మగ్గుతో నీళ్ళు పొయ్యమన్నాడు. పోశాను. నీళ్ళు చేమాకు మీద పడ్డట్టు జారిపోయాయి, గుడ్డలోకి చుక్క దిగలేదు. గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ఇందులో నూనె ఉందన్నాడు. వాళ్ళ వర్క్‌షాపులో మెషీన్లు తుడిచే పీలికలకు ఒకసారి ఆయిల్ పట్టిందంటే ఇక అవి నీళ్ళు పీల్చవట, అవతల పారెయ్యాల్సిందేనట.

ఆ నూనె ఎక్కడిదో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఇద్దరం వంటింటి వైపు చూశాం.

అత్తగారు రోజూ పొద్దున్నే ఇక్కడివాళ్ళలా ఆవనూనెలో వెల్లుల్లి వేసి కాచి పాపకు ఒళ్ళంతా పట్టించేది. ఇక్కడివాళ్ళు మర్దన చేసి ఎండలో వదిలేస్తారు. మా వాళ్ళకు నూనె ఒంట్లోకి ఇంకాలి, అరగంట నానాలి, తర్వాత సున్నిపిండి, తర్వాత వేడినీళ్ళు. ఆ అరగంటా పిల్ల నూనె ఒంటితో గుడ్డ కట్టుకునే పడుకునేది. ఆ గుడ్డ మిగతావాటితో పాటు అదే బకెట్లో చన్నీళ్ళలో నానేది. అలా రెండు నెలల్లో నూనె అన్నిటికీ ఎక్కేసింది. ఈ ఊరి నూనె, ఆ ఊరి పద్ధతి రెండూ కలిపి వాడే మాలాంటి ఇంట్లోనే ఇలాంటి తప్పు జరుగుతుంది. కాగితం మీద గళ్ళు గీసి అన్నీ పరీక్షించిన నేను ఆ అరగంటను మాత్రం చూడలేదు.

ఇక ఆవిడకు చెప్పేదెవరు? నేను చెబితే యుద్ధమే. మా ఆయన తడి చేతులు లుంగీకి తుడుచుకుని వెళ్ళి ఆవిడ ముందు కూర్చున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత ఆయన తల్లితో తెలుగులో పూర్తి వాక్యం మాట్లాడ్డం విన్నాను.

"అమ్మా, నీ నూనెది తప్పు కాదు. దాన్ని ఎలగ ఒదిలించాలో నాకు తెల్దు. నువ్వు సెప్పు."

ఆవిడ కొడుకు వైపు చూసింది. తర్వాత నా వైపు.

"మరుగునీళ్ళలో సాకలిసోడా ఏసి ఉడకబెట్టు. నూనెకి నాలుగు గుడ్డలు ఏరేగా ఉంచు, ఆటినీ ఈటినీ కలపకు. ఆసుపత్రిలో నూనె పిల్లల గుడ్డలు అలాగే ఉతికీవాళ్ళం." అంతటితో ఊరుకోలేదు. "మొదటి దినమే సెప్పీదాన్ని. నన్నెవలు అడిగినారు?"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గుడ్డల గురించి ముక్కూ ముఖం తెలియని ఎంతమంది రాతలనో ఫోన్లో చదివాను. ముప్పై ఏళ్ళు ఇదే పని చేసిన మనిషి అదే ఇంట్లో, నా ఎదురుగా కూర్చుని ఉంది. ఒక్క మాట అడగాలని తోచలేదు. ఆవిడకు చాకిరీ తెలుసనుకున్నాను గానీ ఆ చాకిరీలో చదువు ఉందని అనుకోలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఆ ఆదివారం పెద్ద అల్యూమినియం డేగిసా పొయ్యి మీద పెట్టాం. అత్తగారు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని వంటింటి గుమ్మంలో కూర్చుంది. సోడా ఎంత వెయ్యాలో, ఎప్పుడు కలపాలో, ఎప్పుడు దించాలో చెప్పింది. మా ఆయన చెమటలు కారుతూ కర్రతో కలిపాడు. నీళ్ళ మీద జిడ్డు తెట్టెలా తేలింది. ఆవిడ చేతికి చుక్క తడి అంటలేదు. ఆయన మూడుసార్లు జాడించి పరిచిన గుడ్డ మీద నేను మగ్గుతో నీళ్ళు పోశాను. గుటుక్కున తాగేసింది. మా ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆవిడ కుర్చీలో కాస్త వెనక్కి జారి కూర్చుంది.

నేను రాసి పెట్టుకున్న ఫిర్యాదు తీసేశాను. ఆగస్టులో డ్యూటీలో చేరాను. మొదటి రోజు గేజ్ చేతిలో ఉందన్న మాటే గానీ మనసంతా ఇంట్లోనే. సాయంత్రం పరుగున వచ్చేసరికి పాప పొడిగా, పౌడరు వాసనతో ఆవిడ ఒళ్ళో నిద్రపోతోంది. మార్చిన గుడ్డలన్నీ మూత ఉన్న బకెట్లో మా ఆయన కోసం ఎదురుచూస్తున్నాయి. అంత ముసురులోనూ ఆయన ఒక్క రోజు మానలేదు. బాల్కనీలో ఆరనివి ఫ్యాను కింద, అక్కడా ఆరనివి ఇస్త్రీ పెట్టె కింద.

ఆ నెలాఖర్లో ఒక ఆదివారం అత్తగారు ట్రంకు పెట్టె తెరిచింది. ఆకుపచ్చ అంచు తెల్ల చీరలు రెండు తీసి మంచం మీద పెట్టి కత్తెర అడిగింది. అవేమిటో నాకు తెలుసు. తెలిసీ నోరు ఊరుకోలేదు. పాప పుట్టిన రోజున వీటిలో ఒకటి ఎందుకు తేలేదని అడిగేశాను. ఆరు నెలలు కడుపులో పెట్టుకున్న మాట.

"నీకు కోపమొచ్చిందని నాకు తెలుసు," అంది ఆవిడ, కత్తెరతో అంచు దగ్గర గాటు పెడుతూ. "ఇవి నా ఆయా డ్యూటీ సీరలు. మన గుంట ఒంటి మీద మొదట పడీది సాకిరీ సీర అవకూడదనుకున్నాను. దాని ఆయుస్సు సరే, నా రాత కూడా దానికి వత్తాదేమోనని బయపడ్డాను."

ఎర్ర ట్రేలో వెయ్యాల్సింది ఆవిడని కాదు. మరి ఇప్పుడెందుకు కోస్తున్నావత్తా అని అడిగాను.

"ఇప్పుడు ఈటిని ఉతికీది నా కొడుకు," అంది ఆవిడ. చీర రెండు చేతులా పట్టుకుని సర్రున చింపింది.

పన్నెండు గుడ్డలు వచ్చాయి. కొన్నవాటన్నిటికంటే మెత్తన, అన్నిటికంటే ముందు ఆరేవి. ఇప్పుడు మా బాల్కనీలో గాలి వచ్చే వైపు వేలాడేవి అవే, ఆకుపచ్చ అంచువి. అత్తగారు పాపను ఒళ్ళో పెట్టుకుని వాటి ఎదురుగా కుర్చీలో కూర్చుంటుంది. పక్కన టీ గ్లాసు. ఎండకు ఒక్కో గుడ్డనీ పరకాయించి చూస్తుంది.

ఈ పొద్దున్న కూడా చివరి గుడ్డ దగ్గర చూపు ఆపింది. సబ్బు పోలేదు, ఇంకోపాలి జాడించమంది. బాత్రూంలోంచి మా ఆయన బకెట్ పక్కకు జరిపిన చప్పుడు వినబడింది.

"వత్తన్నానమ్మా," అన్నాడు.